నెలనెలా మందు కొట్టకుండానే బడిలో బొద్దింకలు తగ్గించవచ్చు

నమస్తే అండీ. మీ అబ్బాయి బడిలో నెలనెలా బొద్దింకల మందు కొడుతున్నారని, మర్నాడు పిల్లలు దగ్గుతున్నారని, అయినా బొద్దింకలు తగ్గలేదని రాశారు. ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లిలో మా పాప బడిలోనూ ఇదే టెన్షన్ పడ్డాం.

తగ్గకపోవడానికి కారణం ఉంది. వంటగదుల్లో తిరిగే చిన్న గోధుమరంగు బొద్దింక గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి. స్ప్రే ఆ సంచి లోపలికి పోదు. పైగా సైపర్‌మెత్రిన్ లాంటి మందు కొడితే అవి చెదిరి గోడ పగుళ్లలో దాక్కుంటాయి.

ముందు అవి ఎక్కడున్నాయో పట్టుకోండి. బొద్దింకలు అంటుకుపోయే జిగురు అట్టలు సింకు కింద, ఫ్రిజ్ వెనక, స్టోర్ రూమ్ మూలల్లో పెట్టి, తేదీ రాసి, వారం తర్వాత లెక్కపెట్టండి. మేము 8 అట్టలు పెడితే, బొద్దింకలు దాదాపు అన్నీ సింకు కింద పెట్టిన ఒక్క అట్టకే అంటుకున్నాయి. సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోట బొటనవేలు దూరేంత సందు, పైపు నుంచి చుక్కచుక్కగా నీళ్లు. వాషర్ మార్పించి, సందు సిమెంటుతో పూడ్పించాం. ఆ తర్వాతే, బొద్దింకలు తిని చచ్చే జెల్ మందు పెట్టించాం, కందిగింజంత చుక్కలుగా, పిల్లల చేతికి అందని పగుళ్లలో. జెల్ పెట్టిన చోట స్ప్రే మాత్రం కొట్టనివ్వకండి, ఇక ఆ చుక్కలను బొద్దింకలు ముట్టవు. రాత్రికి చెత్తడబ్బా ఖాళీ కావాల్సిందే.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి ఫిర్యాదు కాగితంతో కాకుండా ఆ జిగురు అట్టతోనే వెళ్లండి. కొడుతున్న మందు పేరు కూడా అడిగి రాసుకోండి, పిల్లల డాక్టరుకు చెప్పడానికి పనికొస్తుంది.