తొలి కంపైలర్‌ను ఏ కంపైలర్ తయారుచేసింది?

ప్రశ్న: మా కాలేజీలో ఈ ఏడు సీ భాష మొదలుపెట్టారు. సీలో రాసిన ప్రోగ్రాం నడవాలంటే కంపైలర్ ఉండాలి, ఆ కంపైలర్‌ను కూడా సీలోనే రాస్తారని మా సారు చెప్పారు. ఇది పాలు తోడేయడానికి పెరుగు వెతుక్కున్నట్టే ఉంది. మరి తొలి తోడు ఎక్కడి నుంచి వచ్చింది?
— డిగ్రీ విద్యార్థి, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: మీ సారు చెప్పింది నిజం, మీ సందేహమూ న్యాయమైనదే. తొలి తోడు మనిషి చేత్తో వేసినదే. కంపైలర్ చేసేది అనువాదం: ఒక భాషలో ఉన్న ప్రోగ్రాంను చదివి, అదే పనిని ప్రాసెసర్‌కు తెలిసిన అంకెల్లో రాసిపెడుతుంది. కాగితం, పెన్సిలు, ప్రాసెసర్ ఆదేశాల పట్టిక దగ్గరుంటే ఆ పనిని మనిషి కూడా చేయగలడు. మొదట్లో అందరూ అలాగే చేశారు.

ఆ అంకెలు ఎలా ఉంటాయో ఒకసారి చూడండి. 32 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్‌కు ‘ఒక రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిలో) 5 ఉంచు, దానికి 3 కలుపు’ అని చెప్పాలంటే, పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో ముందు ‘బీ8 05 00 00 00’ అనీ, తర్వాత ‘05 03 00 00 00’ అనీ ఇవ్వాలి. మొదటి వరుసలోని 05 మనం ఇచ్చిన సంఖ్య. రెండో వరుసలో మొదట ఉన్న 05 మాత్రం ‘కలుపు’ అనే ఆదేశం. ఒకే అంకె, ఉన్న చోటును బట్టి అర్థం మారిపోతుంది. ఇలాంటివి వేల వరుసలు రాస్తే ఎక్కడ తప్పు దొర్లిందో వెతకడం ఎంత కష్టమో ఊహించండి. ఆ కష్టమే భాషలను పుట్టించింది.

1948 జూన్ 21న మాంచెస్టర్‌లో తన మెమరీలోనే ప్రోగ్రాంను దాచుకొని నడిపిన తొలి యంత్రానికి స్విచ్చులు నొక్కుతూ ఒక్కో బిట్‌నూ ఎక్కించారు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే యంత్రం కోసం డేవిడ్ వీలర్ 31 ఆదేశాల చిన్న ప్రోగ్రాం రాశారు. కలపడానికి ‘ఏ’, తీసివేయడానికి ‘ఎస్’ అంటూ మనుషులు కాగితపు టేపు మీద అక్షరాల్లో రాసిన ఆదేశాలను చదివి, వాటిని బైనరీలోకి మార్చి మెమరీలో పెట్టడం దాని పని. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే స్విచ్చులకు తీగలు చుట్టి దాన్ని యంత్రంలోనే స్థిరంగా ఉంచారు. మీరు అడిగిన తొలి తోడు ఎలా ఉంటుందో చూపడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించదు.

అక్కడి నుంచి మెట్టు మీద మెట్టు. 1957లో ఐబీఎం 704 యంత్రానికి జాన్ బ్యాకస్ బృందం ఇచ్చిన ఫోర్ట్రాన్ భాష కంపైలర్‌ను, అంకెలకు బదులు చిన్న పదాలతో ఆదేశాలు రాసే అసెంబ్లీ భాషలో రాశారు. 1962లో ఎంఐటీలో హార్ట్, లెవిన్ అనే ఇద్దరు లిస్ప్ అనే భాష కంపైలర్‌ను లిస్ప్‌లోనే రాసి, అప్పటికే ఉన్న లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ (ముందే అనువదించిపెట్టకుండా ప్రోగ్రాంను అప్పటికప్పుడు చదువుతూ నడిపేది) మీద నడిపి, దాని చేత దాన్నే కంపైల్ చేయించారు.

ఇక మీ సీ సంగతి. దానికి ముందు బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ తయారుచేసిన బీ అనే భాష ఉండేది. ఆయన ఆ కంపైలర్‌ను మొదట కంపైలర్లు రాయడానికి వాడే టీఎంజీ అనే వేరే సాధనంతో రాసి, అది నడిచాక బీ భాషలోనే తిరగరాశారు. వారి పీడీపీ-7 యంత్రంలో ఉన్న మెమరీ 8 వేల ‘వర్డ్‌లు’ (మెమరీలోని గదులు) మాత్రమే. భాషకు కొత్త సౌకర్యం ఒకటి చేర్చగానే కంపైలర్ ఉబ్బి మెమరీలో పట్టీ పట్టనట్టు అయ్యేది. ఆ సౌకర్యాన్నే వాడుకొని కంపైలర్‌ను తిరగరాస్తే మళ్లీ చిక్కిపోయేది. డెన్నిస్ రిచీ ఆ బీకే డేటా రకాలు చేరుస్తూ పోగా 1972 నాటికి అది సీ అయింది. అంటే సీ కంపైలర్ శూన్యంలోంచి ఊడిపడలేదు, బీ కంపైలరే కొద్దికొద్దిగా మారుతూ సీ కంపైలర్ అయింది. ఇప్పటి భాషలదీ ఇదే దారి: రస్ట్ తొలి కంపైలర్ ఓకేమెల్ అనే భాషలో ఉండేది, గో కంపైలర్ 2015 వరకు సీలో ఉండేది.

సీ ప్రోగ్రాంలకు వాడే జీసీసీ అనే కంపైలర్‌ను దాని సోర్సు (మనుషులు రాసిన మూల ప్రోగ్రాం) నుంచి తయారుచేసేటప్పుడు ఈ పని నేటికీ జరుగుతుంది. పాత కంపైలర్‌తో కొత్తదాన్ని, ఆ కొత్తదానితో మళ్లీ అదే సోర్సును, దానితో మూడోసారి కంపైల్ చేసి, రెండో విడత ఫలితమూ మూడో విడత ఫలితమూ బిట్ తేడా లేకుండా ఒక్కటేనా అని సరిచూస్తారు. అయితే తోడులో దోషముంటే ప్రతి పెరుగులోకీ వస్తుంది. సోర్సులో ఎక్కడా కనిపించని దొంగదారిని కంపైలర్ తరతరాలుగా తనలో మోసుకుపోగలదని 1984లో థాంప్సనే నిరూపించి చూపారు. కంప్యూటర్ భద్రత మీద ఆసక్తి ఉన్నవారు ఈ విషయాన్ని తప్పక లోతుగా చదవాలని నా కోరిక.

ప్రశ్న: తెలుగులో ప్రోగ్రాం రాసే భాషను మనం తయారుచేసుకోగలమా?
— పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: నిస్సందేహంగా చేసుకోగలం. పైథాన్ 3 భాషలో వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేర్లను ఇప్పటికే తెలుగులో పెట్టుకోవచ్చు. ఇఫ్, వైల్ లాంటి కీలకపదాలు కూడా తెలుగులో కావాలంటే అక్షరాలను చదివి పదాలుగా విడదీసే లెక్సర్‌ను మార్చాలి. అక్కడ ఒక జాగ్రత్త అవసరం: ‘అమ్మ’ మన కంటికి రెండక్షరాలే అయినా అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతాలు, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. అక్షరానికి ఒక బైటు అనుకొని రాసిన లెక్సర్ ఇక్కడే తప్పటడుగు వేస్తుంది. ముందుగా కూడిక, గుణకారం మాత్రమే తెలిసిన చిన్న భాషను పైథాన్‌లో రాసి చూడండి. ‘2 + 3 × 4’ ఇచ్చినప్పుడు 20 కాకుండా 14 రావాలంటే గుణకారాన్ని ముందు కట్టుగా తీసుకోవాలని మీ ప్రోగ్రాం గ్రహించాలి. పార్సర్ అనే భాగం పని అక్కడ మొదలవుతుంది.