పచ్చితోలు పగ్గాలు అల్లడం బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. స్వారీ నేర్చుకుంటూ గుర్రాల పగ్గాలు, కళ్ళేలు చేత్తో అల్లడం మీద మనసు పడింది. చదువు మానేసి ఇదే వృత్తిగా పెట్టుకుంటానంటోంది. ఏం చెప్పమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. ఇది కాలక్షేపం కాదు, నిజమైన వృత్తే. కాలిఫోర్నియా పశువుల కాపరులు, గుర్రాలెక్కి పశువులు కాసే అర్జెంటీనా గౌచోలు తరతరాలుగా చేస్తున్న పని. కాలిఫోర్నియాకు చెందిన లూయిస్ ఒర్టేగాకు ఈ అల్లికకే 1986లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది. కానీ ఇందులో నెల జీతం ఉండదు. పనితనం చూసినవాళ్లు నలుగురికి చెబితేనే ఆర్డర్లు వస్తాయి, ఆ పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి డిగ్రీ మానొద్దని గట్టిగా చెప్పండి.

అమ్మాయిని ఒకటి అడగండి: నచ్చింది అల్లికేనా, దానికి ముందున్న చాకిరీ కూడానా? పచ్చితోలు అంటే టానింగ్ (కుళ్లిపోకుండా తోలును ఊనడం) చేయని తోలు. వెంట్రుకలు తీసి, బిగించి ఆరబెట్టి, చుట్టూ కోసుకుంటూ పొడవాటి వార్లు తీయాలి. వెడల్పు, మందం మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి. అంచులు ఏటవాలుగా చెక్కకపోతే పాయలు ఒకదానిమీద ఒకటి నున్నగా కూర్చోవు. ఆపైన తేమ. తడి ఎక్కువైతే తోలు వారు సాగిపోతుంది, ఆరాక సన్నబడి అల్లికలో సందులు పడతాయి. తక్కువైతే మొండికేసి బిగుసుకోదు. సరైన తడి వేళ్లకు తెలియాలి, అది చేయగా చేయగా వస్తుంది. ఎనిమిది, పన్నెండు, పదహారు పాయల పనితనం చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది ఈ దశలోనే విసిగిపోతారు.

అందుకే సెలవుల్లో తన చేత్తో కోసిన వార్లతో నాలుగు పాయల సాదా పగ్గాన్నే మళ్లీ మళ్లీ అల్లమనండి. అయిదోది మొదటిదానికన్నా బాగుండాలని తపన పడుతుంటే పిల్లకి ఈ పని అబ్బుతుంది. అప్పుడు చేయి తిరిగినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. అమెరికాలో 1998లో ఏర్పడిన ట్రెడిషనల్ కౌబాయ్ ఆర్ట్స్ అసోసియేషన్ జీను తయారీతో పాటు పచ్చితోలు అల్లికనూ తన కళల్లో ఒకటిగా చూస్తుంది, ఎదుగుతున్న పనివాళ్లకు ఫెలోషిప్ కూడా ఇస్తుంది. వాళ్ల సభ్యుల పని గమనిస్తే ఏ స్థాయికి చేరాలో తెలుస్తుంది.

సంపాదన పాత సామాను బాగుచేయడంతో మొదలుపెట్టడం మంచిది. ఎక్కడ ఒరుసుకుంది, ఏ ముడి ముందు వదులైంది అన్నది పాడైన పగ్గమే చూపిస్తుంది. గుర్రం పరుగులో ఉండగా పగ్గం తెగితే ప్రాణం మీదికొస్తుంది. అనుభవజ్ఞులు లాగి చూసి సరేననేదాకా తను అల్లింది ఎవరికీ అమ్మకూడదు.

ధర చెప్పేటప్పుడు అల్లిన గంటలతో పాటు తోలు సిద్ధం చేసిన గంటలూ రాసి పెట్టుకోమనండి. కొత్తవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఆ లెక్క వదిలేసే.