అయ్యగారబ్బాయి

పాస్టరుగారి కొడుకుగా పెరగడం ఎలా ఉంటుందని ఒకరు నన్ను అడిగారు. మా నాన్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరు. ఉన్న ఇల్లు చర్చి సంఘానిది, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తే సామాను లారీకెక్కించాల్సిందే. పదో తరగతిలోపు నేను నాలుగు బళ్లు మారాను. ఏ ఊరెళ్లినా పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ ‘అయ్యగారబ్బాయి’నే.

క్రమశిక్షణ ఎక్కువ ఉంటుందేమో అనుకుంటారు. అది నాకంత కష్టం అనిపించలేదు. నేను తప్పు చేస్తే నాన్న ఇతరుల చేత మాట పడాల్సి రావడమే కష్టం. తన ఇంటివాళ్లను ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని మొదటి తిమోతి పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. ఇంటర్ ఫస్టియర్లో నేను లెక్కలు తప్పినప్పుడు, కమిటీ పెద్ద ఒకాయన ఆ వచనాన్ని నాన్నకు అందరి ముందూ వినిపించారు. ఆరాధన అయిపోయింది, కానుకగా వచ్చిన సొరకాయలు, కోడిగుడ్లు వేలం వేస్తున్నారు. నాన్న తెల్ల అంగీ విప్పి మడత పెడుతున్నారు. చెయ్యి ఆగింది. “పాస్టరుగా ఆర్డినేషన్ నాకైందండీ, వాడికి కాదు” అని, మళ్లీ మడత పెట్టుకున్నారు. నేను స్తంభం వెనక నిలబడి విన్నాను. ఇంటికెళ్లాక సప్లిమెంటరీ ఫీజు ఎంతని అడిగారు, ఇంకేమీ అనలేదు.

అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది, ఆదివారం కానుకకి. నెలాఖరుకి మాకే బియ్యం చాలకపోయినా ఆ డబ్బా జోలికి వెళ్లేది కాదు.

డోర్నకల్ తొలి బిషప్ అజరయ్యగారు కూడా తమిళనాడులో ఒక పల్లె పాస్టరు కొడుకే. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) బిషప్ అయ్యారు. నాన్న ఈ మాట పదేపదే చెప్పేవారు, నేనూ దైవసేవలోకి వస్తానన్న ఆశతో. నేను రాలేదు, టీచరునయ్యాను. ఆయన ఒక్కరోజు కూడా ఎత్తిపొడవలేదు.

నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం క్రిస్మస్. ఇరవై నాలుగు రాత్రంతా క్యారల్స్, పొద్దున్నే మా గుళ్లో ఆరాధన, ఆ తర్వాత నాన్న చూసుకునే పాస్టరేట్ కింద ఉన్న పల్లెలన్నీ. ఆయన ఇల్లు చేరేసరికి చీకటి పడేది. నా కొత్త చొక్కా అప్పటికే నలిగిపోయేది. ఆయన కోసం తీసిపెట్టిన అన్నం చల్లారిపోయేది.

నాన్న రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్నారు. మొన్న క్రిస్మస్‌కి మధ్యాహ్నం ఒంటిగంటకి, వేడన్నం, కోడికూర, ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. మొదటిసారి.