రాజీనామా చేయించారు, ఫారంలో ఏమని రాయాలి?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. నాకు అమెరికా పౌరసత్వం వచ్చింది. రక్షణ శాఖ కాంట్రాక్టులు చేసే కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది గానీ సీక్రెట్ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు అనుమతి) రావాలి. 2022లో పాత ఉద్యోగంలో హైదరాబాద్ నుంచి 'జాబ్ సపోర్ట్' తీసుకున్నాను. ఒకతను స్క్రీన్ షేరింగ్‌లో నా ఆఫీసు లాప్‌టాప్ మీద పని చేసిపెట్టేవాడు. కంపెనీకి తెలిసిపోయి, రాజీనామా చేయమంటే చేశాను. 'మంచి అవకాశం వచ్చి మానేశాను అని రాసెయ్' అంటున్నారు స్నేహితులు. ఒకటే టెన్షన్.
- ఒక పాఠకుడు

జవాబు: దయచేసి అలా రాయకండి. ఇలాంటి కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసరుగా పనిచేసినదాన్ని, నా మాట వినండి.

క్లియరెన్స్ కోసం మీరు నింపాల్సిన ఎస్‌ఎఫ్-86 ఫారంలో ఉద్యోగాల భాగం మళ్లీ చదవండి. గత ఏడేళ్లలో మిమ్మల్ని తీసేశారా అని మాత్రమే అడిగి ఊరుకోదు. తీసేస్తామంటే మీరే మానేశారా, తప్పు చేశారన్న ఆరోపణ వచ్చాక ఇద్దరూ ఒప్పుకుని విడిపోయారా అని కూడా అడుగుతుంది. మీది సరిగ్గా అదే. పైగా విచారణాధికారి పాత కంపెనీని అడగొచ్చు.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో 'ఇ' అనేది వ్యక్తిగత ప్రవర్తన. జాబ్ సపోర్ట్ దాని కిందికి వస్తుంది, కంప్యూటర్ల వాడకం గురించిన 'ఎమ్' కిందికీ వస్తుంది. తేలిక విషయమని నేను చెప్పను, బయటివాడికి కంపెనీ డేటా చూపించారు. అయినా కాలం గడిచిందా, మళ్లీ చేశారా, ఒప్పుకున్నారా అన్నవీ చూస్తారు. ఫారంలో తెలిసి తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అది ఇవాళ్టి తప్పు. ఐదేళ్ల దాకా జైలు పడగల ఫెడరల్ నేరం కూడా.

కాబట్టి సూటిగా రాయండి: 'అనుమతి లేకుండా బయటి వ్యక్తికి ఆఫీసు లాప్‌టాప్ చూపించి పని చేయించుకున్నాను. కంపెనీ అడిగితే రాజీనామా చేశాను. తర్వాత ఎప్పుడూ చేయలేదు.' చివరి వాక్యం నిజమైతేనే రాయండి. పంపేముందు క్లియరెన్స్ కేసులు చూసే లాయరుకు ఒకసారి చూపించండి.

ఇంట్లో చెప్పారా? మీ భార్యకు తెలియకపోతే ఈ రాత్రే చెప్పండి. దాచిన విషయంతో ఎవరైనా మిమ్మల్ని బెదిరించి లొంగదీసుకోవచ్చన్నదే క్లియరెన్స్ ఇచ్చేవాళ్ల అసలు భయం.

ఒకవేళ ఫారం ఇప్పటికే పంపేసి ఉంటే, విచారణాధికారి నిలదీసేదాకా ఆగొద్దు. రేపే మీ సెక్యూరిటీ ఆఫీసరుకు ఫోన్ చేసి, దిద్దాల్సింది ఉందని చెప్పండి. అడగకముందే సరిదిద్దుకుంటే దాన్ని మీకు అనుకూలంగా తీసుకునే వీలుంది.