పసుపు విమానానికి ఇంజను

నల్గొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మహబూబ్‌నగర్‌లో మీ ముందు గది నిండా బల్సా అనే తేలిక చెక్క పొట్టు, గోడ నుంచి గోడ దాకా మూడున్నర మీటర్ల రెక్క. పైపర్ కబ్ అనే పాత చిన్న విమానాన్ని, రిమోట్‌తో ఎగిరే మోడల్‌గా, అసలులో మూడో వంతు కొలతకు కడుతున్నావని మీ అమ్మ చెబితే ముందు నమ్మలేదు. "ఆ గది ఖాళీ చేయమని నువ్వైనా చెప్పు అన్నయ్యా" అని ఆమె బాధ. ఆ మాట నేను చెప్పను. ఇంజను సంగతి మాత్రం చెబుతాను.

ఏ కంపెనీ ఇంజను కొనాలని అడిగావు. దాన్ని తర్వాత చూద్దాం. ముందు సిలిండర్లు ఒకటా, రెండా అన్నది తేల్చుకో.

బోర్లు రాకముందు మన బావుల గట్ల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. ఒంటి సిలిండరు, కింద కాంక్రీటు దిమ్మ, నాలుగు బోల్టులు. ఒక్క బోల్టు వదులైతే చాలు, ఇంజను దిమ్మ మీద నడవడం మొదలుపెట్టేది. వాటిని బాగుచేస్తూ బతికినవాణ్ణి కాబట్టి నాకు ఇంజను శక్తి కంటే ముందు దాని వణుకే కనిపిస్తుంది. నీ విమానంలో దిమ్మ లేదు. ఇంజను బిగించే ప్లైవుడ్ పలక, ఫైర్‌వాల్, ఉంది. దాని వెనకే రిమోట్ సంకేతం అందుకునే రిసీవరు, రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు అంటే సర్వోలు, బ్యాటరీ ఉన్నాయి.

లెక్క వేసి చూడు. 55 సీసీ ఒంటి సిలిండరు ఇంజనులో పిస్టను, పిన్ను కలిపి 60 గ్రాములు అనుకుందాం. స్ట్రోకు 35 మిల్లీమీటర్లు. నిమిషానికి 7,000 చుట్లు తిరిగినప్పుడు ఆ 60 గ్రాములు సెకనుకు 116 సార్లు పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరగాలి. ఆగిన ప్రతిసారీ అది లాగే బలం రమారమి 57 కిలోల బరువంత. ఒక మనిషి ఫైర్‌వాల్ పట్టుకుని ఊగినట్టు.

క్రాంకుకు ఎదురు బరువు పెడతారు కదా అంటావు. పిస్టనుకు పూర్తిగా సరిపడేంత పెడితే నిలువు ఊపు పోయి అడ్డం ఊపు వస్తుంది. పిస్టను ఒకే గీత మీద వచ్చిపోతుంది, ఎదురు బరువేమో గుండ్రంగా తిరుగుతుంది. అందుకే తయారీదారులు సుమారు సగం దగ్గర ఆగుతారు. వణుకు పోదు, రెండు దిక్కులకూ పంచుకుపోతుంది.

ఎదురెదురు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లూ ఒకేసారి బయటికి పోతాయి, ఒకేసారి లోపలికి వస్తాయి. ఒకటి లాగిన బలాన్ని రెండోది అక్కడికక్కడే కొట్టేస్తుంది. పూర్తిగా కాదులే. క్రాంకు మీద రెండు పిన్నులు పక్కపక్కన ఉంటాయి కాబట్టి సిలిండర్లు సరిగ్గా ఒకే గీత మీద ఉండవు, కొంచెం మెలితిప్పు మిగులుతుంది. ఒంటి సిలిండరు వణుకు ముందు అది చీమ కుట్టినంత.

ఇక్కడ చాలామంది పొరబడతారు. జంట సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండుతాయి కాబట్టి కుదురుగా నడుస్తాయని అనుకుంటారు. మన టూ స్ట్రోక్ జంట ఇంజన్లలో రెండు సిలిండర్లూ ఒకేసారి మండుతాయి. రెండు పిస్టన్లూ కలిసి లోపలికి వచ్చినప్పుడే క్రాంకు పెట్టెలోని మిశ్రమం ఒత్తుకుని పైకి వెళుతుంది, వేరే దారి లేదు. అంటే నిమిషానికి దెబ్బలు ఒంటి ఇంజనుకు ఎన్నో దీనికీ అన్నే. కుదురు వచ్చేది పిస్టన్ల బలాలు కొట్టివేసుకోవడం వల్ల.

ఈ సంగతి నేను విమానం పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒంటి సిలిండరు 50 సీసీ ఇంజను, శక్తికి లోటు లేదు. పద్నాలుగోసారి ఎగిరినప్పుడు ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక, ఎలివేటరు, మాట వినడం మానేసింది. బత్తాయి తోటలో ముక్కలు ఏరుకుని చూస్తే స్విచ్చి లోపలి టంకం వణుకుకు చిట్లిపోయి ఉంది. తోట యజమాని పరిహారం అడగలేదు, చివరి ముక్క దొరికేదాకా నిలబడి నవ్వాడు, అంతే. తప్పు ఇంజనుది కాదు, నాది. స్విచ్చిని ఫైర్‌వాల్ పక్కనే బిగించాను, ప్రొపెల్లర్‌ను తూచకుండా పెట్టాను.

నీ కబ్‌కు జంట ఇంజనే తీసుకో. అసలు జె-3 కబ్‌లో ఉండేది కూడా ఎదురెదురు సిలిండర్ల ఇంజనే, నాలుగింటిది, 65 గుర్రాల కాంటినెంటల్. దాని సిలిండర్ల తలలు ఇంజను కవరు బయటికి పొడుచుకు వస్తాయి. నీ ఇంజను తలలూ అలాగే బయట ఉంటే చూపుకూ సరిపోతుంది, గాలి తగిలి చల్లబడుతుంది కూడా. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. కబ్ ముక్కు పొట్టిది. తేలిక ఇంజను పెడితే తూకం కోసం ముక్కులో సీసం పోయాలి. ఆ బరువేదో ఇంజను రూపంలోనే పెట్టుకోరాదా? ఇదే విమానం విన్యాసాల కోసం అయితే గ్రాము గ్రాము లెక్కపెట్టి, డీఎల్ఈ కంపెనీ 55 లాంటి ఒంటి సిలిండరే కొనమని చెప్పేవాణ్ణి. అది చవక, తేలిక, ఒక ప్లగ్గు, ఒక సైలెన్సరు.

పేరులోని అంకె చూసి మోసపోకు. డీఎల్ఈ 60 జంట, డీఎల్ఈ 61 ఒంటి. ఇంకో కంపెనీ డీఏ వాళ్ల 50 ఒంటి, డీఏ 70 జంట. నీకు డీఎల్ఈ 60 చాలు. డబ్బు కూడితే డీఏ 70. ఫోర్ స్ట్రోక్ శబ్దం నాకూ ఇష్టమే కానీ వాల్వుల గ్యాపు చూసుకునే ఓపిక నీకు లేదు. నీ బైకు చైను చూశాను.

జంటలో ఒక చిక్కు ఉంది. ఒక సిలిండరు మండడం మానేసినా రెండోది ఇంజనును లాగుతూ ఉంటుంది, నువ్వు గమనించవు. నడిపి ఆపిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు తలల వేడీ చూడు. ఒకటి బాగా చల్లగా ఉంటే ఆ వైపు ప్లగ్గు, వైరు తీసి చూడాలి.

ప్రొపెల్లర్ విషయంలో మాత్రం నా మాట జవదాటకు. ఎంత మంచి ఇంజనైనా తూకం తప్పిన ప్రొపెల్లర్‌తో ఆయిల్ ఇంజను అయిపోతుంది. 23 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న చెక్కది తీసుకుని బ్యాలెన్సరు మీద పెట్టు. బరువైన రెక్కను సన్నగా గీకకు, తేలిక రెక్క కొసకు వార్నిష్ వెయ్యి. రెండు కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో ఒక పుల్ల నిలబెట్టి చేత్తో తిప్పి చూడు, ఇగ్నిషన్ ఆపి. బోల్టుల రంధ్రాలు చేత్తో కాకుండా గైడు పెట్టి తొలచాలి. ప్రొపెల్లర్ మధ్యలో ఉండే టోపీని, అంటే స్పిన్నరును, విడిగా తూచు. మన ఎండలకు చెక్క ఆరి ముడుచుకుంటుంది, కాబట్టి ఎగరేసే ప్రతి రోజూ ఆ బోల్టులు మళ్లీ బిగించు.

కార్బురేటరులో పెట్రోలు పాళ్లు సర్దే మరలు, నీడిల్స్, సంక్రాంతి చలిలో సర్ది ఏప్రిల్ మధ్యాహ్నం ఎగరేస్తే ఇంజను గొణుగుతుంది. మీ ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉంది, పైగా వేడి గాలి పలచన. మళ్లీ సర్దుకో. నూనె ఎంత కలపాలో ఇంజనుతో వచ్చిన కాగితం చెబుతుంది. 32కు ఒకటి అంటే లీటరుకు 31 మిల్లీలీటర్లు, మూత కొలత కాదు, సిరంజితో. బంకు పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, కార్బురేటరులోని పలచని పొర, డయాఫ్రమ్‌ను బిరుసెక్కిస్తుంది. ఇంటికి వచ్చే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడుపు.

విమానానికి బిగించే ముందు ఒక బరువైన బల్లకు బిగించి నడుపు. పక్కన స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టు, ప్రొపెల్లర్‌కు వెనక, దూరంగా. ఐడిల్ నుంచి మెల్లగా పెంచుతూ పో. ఎక్కడో ఒకచోట నీళ్లు ఉన్నట్టుండి ఎగురుతాయి, ఇంకొంచెం పెంచితే సద్దుమణుగుతాయి. ఆ మధ్య వేగం రాసిపెట్టుకుని, గాలిలో అక్కడ నిలపకుండా దాటించు. విమానానికి బిగించాక ఆ వేగం మారుతుంది, అప్పుడు గ్లాసుకు బదులు తోక కొసను చూడు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం సరదాకు ఎగరేసే మోడల్ 25 కిలోల లోపు ఉండాలి, కంటిచూపు దాటకూడదు. నీది పదమూడు దాటదు కానీ ఎక్కడ ఎగరేయవచ్చో రంగులతో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో నువ్వు ఎగరేసే చెరువు ఏ రంగులో ఉందో చూసుకున్నాకే బయలుదేరు. పత్తి తీసిన చేను వద్దు, ఆ మోళ్లు ప్రొపెల్లర్‌ను బతకనివ్వవు.

ఇంజనుకు ఇప్పుడే డబ్బు కట్టకు. ఫైర్‌వాల్ నుంచి స్పిన్నరు వెనక అంచు దాకా ఎంత ఉందో, కవరు వెడల్పు ఎంతో కొలిచి రేపు రాత్రికి పంపు. చక్రాలు నేలమీద ఉండగా ముక్కు మధ్య నుంచి నేలకు ఎంత ఎత్తో కూడా రాయి. 23 అంగుళాలది పడుతుందో లేదో అది చూశాకే చెబుతాను.

మీ మామయ్య