విప్పని పార్శిల్ గురించి ముందు ఆయనతోనే మాట్లాడండి

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నాకు 29 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. పెళ్లయి రెండేళ్లయింది. మావారు ఎనిమిది నెలల క్రితం ఉద్యోగం మీద జర్మనీ వెళ్లారు. నేను వచ్చే ఏడాది వెళ్లాలి, అప్పటిదాకా అత్తమామల దగ్గరే ఉంటాను. ఆయనకు టీ పెట్టుకోవడం తప్ప మరేమీ రాదు. అందుకని ప్రతి నెలా కందిపొడి, గోంగూర పచ్చడి, సకినాలు, సున్నుండలు చేసి పంపుతున్నాను. నాకు దొరికే సెలవులన్నీ దానికే పోతున్నాయి. పంపడానికయ్యే ఖర్చు సరుకుల ఖర్చును మించిపోతోంది. మొన్న వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే, రెండు నెలల కిందట పంపిన పెట్టె ఆయన వెనకాల గోడవారన టేపు కూడా తీయకుండా కనిపించింది. పచ్చడి చాలా బాగుందని అంతకుముందే చెప్పారు. అడిగితే “తింటున్నానులే” అని మాట మార్చేశారు. అత్తగారికి చెబితే “వాడికి మొదటినుంచీ మొహమాటం, ఇంకో నాలుగు రకాలు చేసి పంపమ్మా” అన్నారు. నాకు కోపంగానూ, అవమానంగానూ ఉంది. పంపడం మానేయమంటారా?

జవాబు: మీ బాధలో న్యాయముంది. బ్యాంకు నుంచి అలసిపోయి వచ్చి, మర్నాడు సెలవు కదా అని పడుకోకుండా గోంగూర కడిగి ఆరబెట్టుకుని, ఒక్కొక్క సకినం చుట్టి, వేయించి, చల్లార్చి, కవర్లలో సర్ది పంపిన మనిషికి, ఆ పెట్టె విప్పను కూడా విప్పలేదని తెలిస్తే కడుపు మండకుండా ఎలా ఉంటుంది? పైగా పెట్టె విప్పకపోవడం ఒక ఎత్తయితే, పచ్చడి బాగుందని ఆయన చెప్పిన అబద్ధం మరొక ఎత్తు. మిమ్మల్ని ఎక్కువగా గుచ్చింది ఆ రెండోదేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అయినా, ఆయనకు మీ మీద ప్రేమ లేదనీ, మీ శ్రమంటే లెక్క లేదనీ ఇప్పుడే తీర్మానించుకోవద్దని కోరుతున్నాను.

మీరు పంపుతున్న వస్తువులను ఒకసారి మళ్లీ చూడండి. కందిపొడి, గోంగూర పచ్చడి రెండూ అన్నంలో కలుపుకునేవి. మన ఇళ్లలో అన్నం వండటాన్ని ఎవరూ వంటగా లెక్కపెట్టరు. ఎసట్లో బియ్యం పడేయడం ఎవరికైనా వచ్చే పనే అనుకుంటాం. కానీ టీ తప్ప ఏమీ రాదని మీరే రాసిన మనిషికి అన్నం వండటం కూడా రాదు. మీ వారి గదిలో అన్నం లేదు కాబట్టి గోంగూరకు అక్కడ పనిలేదు. ఆయన బహుశా బ్రెడ్డుతోనో, బయట దొరికేదానితోనో పూట గడుపుతున్నారు. పెట్టె విప్పితే తనకు చేతకానిదేమిటో కళ్లెదుట కనిపిస్తుంది, విప్పకపోతే మీ ముఖం గుర్తొస్తుంది. ముప్ఫైకి అటూ ఇటూగా ఉన్న మగవాడు, మంచి ఉద్యోగంలో ఉన్నవాడు, “నాకు అన్నం వండుకోవడం రావడం లేదు” అని భార్యతో చెప్పడానికి ఎంత సిగ్గుపడతాడో నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చూస్తూనే ఉంటాను. ఆ సిగ్గుతోనే ఆయన అబద్ధం చెప్పి ఉంటారని నేను అనుకుంటున్నాను. అంతమాత్రాన అబద్ధం ఒప్పయిపోదు. దాని గురించి ఆయన మీకు సమాధానం చెప్పాల్సిందే.

ఇంకొక సంగతి మీ ఉత్తరంలో లేదు గానీ, అది కూడా జరిగి ఉండవచ్చు. బయటి దేశాల నుంచి సొంత వాడకానికి పోస్టులో వచ్చే మాంసం, పాల పదార్థాలను జర్మనీతో సహా యూరోపియన్ యూనియన్ దేశాలు అనుమతించవు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు ఈ నిషేధం కిందికే వస్తాయి. మీ సున్నుండలు నేతివే అయితే వాటికీ అదే ఇబ్బంది రావచ్చు. పచ్చి కరివేపాకు పంపాలన్నా, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలన్న నిబంధన 2019 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఒక వ్యక్తి మరొక వ్యక్తికి బహుమతిగా పంపే పార్శిల్ విలువ 45 యూరోల లోపు ఉంటే సుంకం పడదు. దాటినా, కాగితాల మీద వివరాలు సరిగా లేకపోయినా కస్టమ్స్ వారు ఆపి, వచ్చి తీసుకెళ్లమని ఉత్తరం పంపవచ్చు. అలా జరిగితే ఆయన పని మానుకుని, ఆ కార్యాలయానికి వెళ్లి, ఎదురుగా పెట్టె విప్పించుకుని, ఉద్దిపప్పు ఉండలంటే ఏమిటో అక్కడి అధికారికి వివరించాలి. ఇలాంటిది ఒక్కసారి జరిగినా, మీకు చెబితే నొచ్చుకుంటారని ఆయన దాచిపెట్టి ఉండవచ్చు. కనుక ఇది కూడా అడగండి.

ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యమే. మన గడియారం వాళ్లకంటే వేసవిలో 3 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 4 గంటల 30 నిమిషాలు ముందు నడుస్తుంది. చలికాలంలో ఆయన సాయంత్రం 6 గంటలకు ఇంటికి చేరేసరికి మీకు రాత్రి 10:30 అవుతుంది. మీరు నిద్ర ఆపుకుంటూ “ఏం తిన్నారు?” అని అడిగే సమయానికి ఆయన ఇంకా ఏమీ తిని ఉండరు. మీరు పడుకోవాలి కదా అని “తిన్నాను” అనేస్తారు. చాలా జంటల్లో ఈ చిన్న అబద్ధం ఇలాగే మొదలై అలవాటైపోతుంది. అందువల్ల రాత్రి ఫోనులో ఈ సంగతి ఎత్తకండి. శనివారమో ఆదివారమో, ఇద్దరికీ పగలుండే వేళ చూసుకుని, అత్తగారు పక్కన లేనప్పుడు మాట్లాడండి. ఈ మాట ఆమె చెవిన పడితే ఆయన కొడుకుగా జవాబు చెబుతారు, మీకు కావలసింది భర్త జవాబు.

మాట మొదలుపెట్టడం కష్టమనిపిస్తే ఇలా అనవచ్చు: “ఆ పెట్టె విప్పలేదని చూశాను. చాలా బాధేసింది. బాగుందని మీరు చెప్పిన మాట నిజం కాదని తెలిసినప్పుడు ఇంకా బాధేసింది. మీకు అక్కడ అన్నం వండుకునే వీలుందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఇంటికి వచ్చాక ఏం తింటున్నారో, ఎలా గడుస్తోందో ఉన్నదున్నట్టు చెప్పండి, నేను కోప్పడను.” ఈ చివరి మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. ఆయన రోజూ చల్లటి శాండ్‌విచ్ తింటున్నానని చెప్పినా, గదిలో ఒక్కడినే కూర్చుని తినబుద్ధి కావడం లేదని చెప్పినా, వెంటనే పరిష్కారం చెప్పడానికి తొందరపడకుండా కాసేపు వినండి. తర్వాత మీ వంతు కూడా ఉంది. నెలనెలా ఈ పనితో మీరు ఎంత అలసిపోతున్నారో, ఎంత ఖర్చవుతోందో ఆయనకు బహుశా తెలియదు. మీరు చెప్పి ఉండరు కూడా. అదీ చెప్పండి.

ఇక మీరడిగిన ప్రశ్న. పంపడం మానేయవద్దు, కానీ ఇప్పుడు పంపుతున్న పద్ధతి మాత్రం మానేయండి. ఆయన ముందు అన్నం, పప్పు వండటం నేర్చుకోవాలి. వాటి తర్వాతే మీ పార్శిల్.

నేర్పడం మీరనుకున్నంత పెద్ద పనేమీ కాదు. అక్కడి మామూలు సూపర్ మార్కెట్లలోనే మసూర్ పప్పు దొరుకుతుంది, దానికి కుక్కర్ అక్కర్లేదు. గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్లు, రెండు టమాటాలు, చిటికెడు పసుపు వేసి మామూలు గిన్నెలో పెడితే ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది. ఉప్పు, కారం చివర్లో వేసుకోవచ్చు. కడిగిన బియ్యం గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోసి, పొంగు రాగానే మంట తగ్గించి, మూత పెట్టి, నీళ్లు ఇగిరిపోయాక పొయ్యి కట్టేసి పది నిమిషాలు మూత తీయకుండా వదిలేయమనండి. అక్కడ ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. ఆదివారం మీకు మధ్యాహ్నం, ఆయనకు పొద్దున అయ్యే వేళ ఫోను ఎదురుగా పెట్టుకుని మీరు ఇక్కడ వండుతుంటే ఆయన అక్కడ వండుతారు. మొదటి వారం అన్నం ముద్దయినా, పప్పు అడుగంటినా మీరు నవ్వకూడదు, అత్తగారిని పిలిచి చూపించనూ కూడదు.

పోపు దగ్గర చాలామంది కుర్రవాళ్లు భయపడి వంటే మానేస్తారు. జర్మనీ ఇళ్లలో పొగ పసిగట్టి మోగే గంటలు తప్పనిసరి, ఎండుమిర్చి కాస్త మాడితే అది మోగుతుందనీ, పక్కింటివాళ్లు వస్తారనీ బెదురు. వంటగది తలుపు వేసి, కిటికీ తీసి, నూనె పొగలు రాకముందే ఆవాలు వేసి, అవి చిటపటలాడగానే పొయ్యి కట్టేసి, ఆ వేడి మీదనే జీలకర్ర, మిర్చి వేయమనండి. మిగిలిన అన్నం విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. వండిన అన్నంలోనూ చావకుండా మిగిలే ఒక రకం సూక్ష్మజీవి గది వేడిలో త్వరగా పెరిగి వాంతులు, విరేచనాలు తెస్తుంది. కాబట్టి రాత్రంతా గిన్నెలో వదిలేయకుండా, గంట రెండు గంటల్లోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా పొగలు వచ్చేలా వేడి చేసుకుని తినాలి.

ఆయన నాలుగైదు వారాలు ఇలా వండుకున్నాక పార్శిల్ కట్టండి, అదీ రెండు నెలలకొకసారి చాలు. అందులో ఏముండాలో ఆయనను అడిగి రాసుకోండి. నన్నడిగితే, కలిపి పెట్టిన పోపు గింజలు, సాంబారు పొడి, నూనెలో ఉడికించిన పులిహోర గుజ్జు, నూనె పోపుతో వేయించి చల్లార్చిన ఉప్మా రవ్వ పంపమంటాను. ఇవన్నీ ఆయన చేయి పడితేనే భోజనమయ్యేవి, ఆ చేయి పెట్టడం ఐదు పది నిమిషాల పనే. రవ్వ పొట్లం మీద “గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు, మరిగాక ఉప్పు వేసి పోయాలి” అని మీ చేత్తో రాసి అంటించండి. కందిపొడి ఎలాగూ ఉండనే ఉంటుంది. పచ్చడి ఒక్క రకం చాలు, అదీ పావుకిలో. పైన నూనె తేలేలా ఉంచి, గాజు సీసాలో కాకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, దానిని మళ్లీ కవరులో పెట్టి సీలు వేయించండి. తడి చెంచా పెట్టవద్దని చెప్పడం మరిచిపోవద్దు. సకినాలు, చెక్కల వంటివి పండక్కి మాత్రమే పంపండి, అవీ అత్తగారితో కలిసి చేయండి. కాగితాల మీద ప్రతి వస్తువు పేరు, విలువ ఉన్నదున్నట్టు రాయండి. తక్కువ చూపిస్తే మంచిదని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆగిపోయిన పెట్టె కోసం తిరగాల్సింది ఆయనే.

అత్తగారి మీద మీకు కోపం ఉందని తెలుస్తూనే ఉంది. ఆవిడ కొడుకును వంటింటి గడప తొక్కనివ్వకుండా పెంచిన మాట నిజమే. అప్పట్లో అది ముద్దు అనుకున్నారు, ఇప్పుడు దాని బరువు మీ సెలవుల మీద పడింది. అయినా, “ఇంకో నాలుగు రకాలు చేసి పంపు” అన్న మాట వెనుక కొడుకు ఒంటరిగా ఎలా తింటున్నాడోనన్న బెంగ ఉంది. ఆవిడతో వాదించకుండా, “ఆయన వండుకోవడం నేర్చుకుంటున్నారు అత్తయ్యా, మీ చారు ఎలా పెట్టాలో ఆయనకు మీరే చెప్పండి” అని ఒక ఆదివారం ఫోను ఆవిడ చేతికివ్వండి. మొదట నొచ్చుకుంటారు. కొడుకుకు వంట పని చెప్పడమేమిటని ఒక మాట అన్నా అనవచ్చు. ఆ మాటకు మీరు బదులు చెప్పకండి, ఆయనను చెప్పనివ్వండి. “నాకు నేర్చుకోవాలనే ఉందమ్మా” అని ఆయన నోటితో వస్తే ఆవిడ కాదనరు. ఈ ఒక్క సాయం చేయమని ఆయనను ముందే అడిగి ఉంచండి.

ఒక్క జాగ్రత్త. ఆయన తిండి మానేయడమే కాక చిక్కిపోవడం, సరిగా నిద్రపోకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, సెలవు రోజుల్లో మంచం దిగకపోవడం వంటివి రెండు వారాలకు మించి కనిపిస్తే అది వంట రాకపోవడంతో వచ్చిన ఇబ్బంది కాదు. దూరదేశపు ఒంటరితనంలో, ముఖ్యంగా పొద్దు త్వరగా వాలిపోయే చలికాలంలో, మనసు కుంగడం చాలామందికి జరుగుతుంది. అక్కడ ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి కాబట్టి ఆయనకూ ఉండే ఉంటుంది. ఇంటికి దగ్గరలోని డాక్టరును కలవమని గట్టిగా చెప్పండి, అపాయింట్‌మెంట్ తీసుకున్నారో లేదో మళ్లీ అడగండి.

రాబోయే రెండు వారాలు ఏ పార్శిలూ కట్టవద్దు. ఒక శనివారం ఆలస్యంగా నిద్ర లేవండి, మీ పుట్టింటికి వెళ్లి రండి. ఆయనతో మాట్లాడాక కూడా అబద్ధాలు ఆగలేదనిపిస్తే, అప్పుడు ఆయన ఏమన్నారో రాసి మళ్లీ ఉత్తరం పంపండి.