ఊరేగింపు మధ్యలో వీధిలో నిప్పంటుకుంటే ఇరుగుపొరుగువాళ్లు ఏం చేయగలరు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పండుగ ఊరేగింపు మీ ఇరుకు వీధిలోంచే వెళ్తుంది, ఆ జనంలో ఏదైనా ఇంట్లో నిప్పంటుకుంటే పక్కనున్నవాళ్లు ఏం చేయాలి, ఊరేగింపును వేరే దారికి మళ్లించమని కమిటీని అడగడం సబబేనా అని. మా వీధిలో దాదాపు ఇదే జరిగింది. కాబట్టి ఎక్కడో చదివిన జాగ్రత్తలు అప్పజెప్పకుండా, ఆ సాయంత్రం ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో చెబుతాను.

అందరూ మంటల గురించే భయపడతారు. నేను చూసినంతలో ఊరేగింపు రోజున మొదటి ఇబ్బంది అది కాదు. నిజంగా నిప్పంటుకుందని ఎవరూ అనుకోకపోవడమే అసలు ఇబ్బంది. మొదటి అంతస్తు కిటికీలోంచి పొగ బయటికొస్తుంటే కింద వీధి నిండా జనం ఉన్నారు. పొగ చాలామందికి కనిపించింది కూడా. కానీ అప్పటికే వీధంతా బాణసంచా పొగ, మీద రంగు లైట్లు, చెవులు పగిలేలా బ్యాండ్. పైకి చూసినవాళ్లు ఒకసారి పక్కవాళ్ల మొహం చూశారు, పక్కవాళ్లు తాపీగా ఉన్నారు కాబట్టి తామూ తాపీగా ఉండిపోయారు. ఆ పక్కవాళ్లు కూడా వీళ్ల మొహాలే చూస్తున్నారని ఎవరికీ తట్టలేదు.

దీన్ని మా వీధివాళ్ల నిర్లక్ష్యం అనలేం. 1968లో బిబ్ లాతనే, జాన్ డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా దీనిమీదే ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ఏదో ఫారం నింపమన్నారు. కాసేపటికి గోడలోని రంధ్రం గుండా గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి విషయం చెప్పారు. పక్కన ఏమీ పట్టనట్టు నటించే ఇద్దరిని కూర్చోబెట్టినప్పుడు చెప్పినవాళ్లు 10 శాతమే. మిగతావాళ్లు కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ ఫారం నింపుతూనే ఉన్నారు! ముగ్గురు కూర్చున్న నిశ్శబ్దమైన గదిలోనే ఇలా ఉంటే, వందలమంది కేరింతలు కొట్టే వీధి సంగతి ఏం చెప్పాలి?

మా దగ్గర ఈ మత్తు వదిలించింది ఒక కాలేజీ అమ్మాయి. ఆమె అరవలేదు, అరిచినా వినపడే పరిస్థితి లేదు. నేరుగా వెళ్లి బ్యాండ్ మేస్త్రి చెయ్యి పట్టుకుని కిటికీ వైపు వేలు చూపించింది. ఆయన చెయ్యెత్తాడు, బ్యాండ్ ఆగింది. ఒక్కసారిగా మోత ఆగేసరికి అందరూ ఏమైందా అని తలలు ఎత్తారు. అప్పుడుగానీ ఆ పొగ బాణసంచాది కాదని జనానికి తెలియలేదు. అందుకని నా మొదటి సలహా ఇదే: మంట కనిపిస్తే గుంపుకి చెప్పాలని చూడకండి, ముందు మోత ఆపించండి. బ్యాండ్ మేస్త్రి గానీ, మైకు పట్టుకున్నవాడు గానీ, జనరేటర్ దగ్గర నిలబడినవాడు గానీ, ఎవరు దగ్గరైతే వాళ్లను పట్టుకోండి.

తర్వాత ఫోన్. చేతిలో ఫోన్ లేనివాళ్లు ఒక్కరూ లేరు, కానీ వాటిలో సగం వీడియో తీసే పనిలో ఉన్నాయి. మిగతావాళ్లు ఎవరో ఒకరు ఈపాటికే ఫైర్ స్టేషన్‌కి చేసే ఉంటారు అనుకున్నారు. అందుకే "ఎవరైనా ఫోన్ చేయండి" అని గాల్లోకి అనడం శుద్ధ దండగ. "నీలం చొక్కా అన్నా, మీరు చేయండి, కలిశాక నాకు చెప్పండి" అని ఒక మనిషిని చూసి చెప్పాలి. అంత జనం ఒకేచోట చేరితే టవర్ మీద భారం పడి మామూలు కాల్స్ కలవకపోవచ్చు. కాల్ కలవడం లేదని ఆ అన్న వీధి చివరిదాకా నడిచి వెళ్లి చేశాడు. అత్యవసర నంబరుకు మాత్రం చాలా దేశాల్లో ఒక వెసులుబాటు ఉంటుంది. మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా అందుబాటులో ఉన్న వేరే కంపెనీ టవర్ ద్వారా కాల్ వెళ్తుంది. సిగ్నల్ గీతలు లేవని ప్రయత్నమే మానుకోవద్దు.

అడ్రస్ చెప్పేటప్పుడు ఒక మెలిక ఉంది. రోజూ చెప్పే దారి ఆ రోజు పనికిరాదు, ఎందుకంటే ఊరేగింపు ఆ దారిలోనే ఉంది. ఇల్లు ఎక్కడో చెప్పి ఊరుకోకుండా, వీధికి ఏ వైపు ఖాళీగా ఉందో, ఏ మలుపు నుంచి బండి లోపలికి రాగలదో చెప్పాలి. ఒక మనిషి వెళ్లి ఆ మలుపులో నిలబడాలి. మా దగ్గర ఆ పని చేసిన కుర్రాడు లేకపోతే ఫైర్ ఇంజిన్ ఊరేగింపు తోకకు చిక్కుకుని అక్కడే ఉండిపోయేది.

ఇక జనం. నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైన నిమిషాలు ఇక్కడే ఉన్నాయి. మంట చూసిన ముందువాళ్లు వెనక్కి తిరుగుతారు, ఏం జరుగుతోందో తెలియని వెనకవాళ్లు చూద్దామని ముందుకు తోస్తారు. మధ్యలో ఉన్నవాళ్లు నలిగిపోతారు. ఒక చదరపు మీటరులో నలుగురు ఉంటే ఇబ్బందిగానైనా నడవొచ్చు. ఆరేడుగురు అయ్యారంటే నడక మన చేతుల్లో ఉండదు, గుంపు ఎటు ఊగితే అటు పోవాల్సిందే. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇటేవాన్‌లో నిప్పూ లేదు, పేలుడూ లేదు. పండుగ రాత్రి ఇరుకు సందులో జనం కిక్కిరిసిపోయారు, అంతే. 159 మంది చనిపోయారు. ఇలాంటి చోట్ల కాళ్ల కింద పడి పోయేవాళ్లకంటే, నిలబడిన చోటే ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరాడక పోయేవాళ్లు ఎక్కువ. ఆ రాత్రి పోలీసులకు మొదటి ఫోన్ సాయంత్రం 6:34కే వెళ్లింది, ప్రాణాలు పోవడం మొదలైంది పదిగంటలు దాటాక. ముందే చెప్పినవాళ్లు ఉన్నారు, ఆ మాటకు తగ్గ స్పందనే లేదు.

మా అదృష్టం కొద్దీ మైకు పట్టుకున్నాయన నిదానస్తుడు. "నిప్పు, నిప్పు, పరిగెత్తండి" అనలేదు. "ముందున్నవాళ్లు ఆగకుండా మెల్లగా ముందుకే నడవండి, వెనకున్నవాళ్లు ఉన్నచోటే ఆగండి, పిల్లల్ని ఎత్తుకోండి" అన్నాడు. అవే మాటలు మళ్లీ మళ్లీ, గొంతు పెంచకుండా. ముందుభాగం కదిలిపోయేసరికి ఆ ఇంటిముందు ఖాళీ ఏర్పడింది. అలంకరించిన బండిని వెనక్కి తిప్పించాలని కొందరు గొడవ చేశారు గానీ, వెనకాల అంత జనాన్ని పెట్టుకుని భారీ బండిని రివర్స్ చేయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పైగా దానిమీద ఇంధనంతో నడిచే జనరేటర్ ఉంది. డ్రైవర్ ముందుకే పోనిచ్చాడు, మంచిపని చేశాడు.

ఖాళీ ఏర్పడినా బండ్లు మిగిలాయి. ఫైర్ ఇంజిన్ వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. దారి సరిగ్గా అంతే ఉంటే చాలదు, సిబ్బంది తలుపులు తీసుకుని దిగాలి, పైపులు లాగాలి. మా వీధిలో రెండువైపులా టూవీలర్లు వరసగా ఉన్నాయి, హ్యాండిల్ లాక్ వేసి ఉన్నాయి. కుర్రాళ్లు నలుగురేసి ఒక్కో బండిని ఎత్తి గుమ్మాల్లోకి చేర్చారు. బక్కెట్లు పట్టుకుని పరిగెత్తినవాళ్లకంటే ఆ బండ్లు ఎత్తినవాళ్లే ఎక్కువ మేలు చేశారని నా అభిప్రాయం.

బక్కెట్ల విషయానికొస్తే, ఇంట్లోవాళ్లు తాళం వేసి ఊరేగింపు చూడ్డానికి కిందికే వచ్చారు. తలుపు పగలగొట్టి నీళ్లు చల్లేద్దామని ఒక గుంపు మెట్లెక్కింది. వీధిలో ఎలక్ట్రీషియన్ పని చేసే పెద్దాయన ఒకరు వాళ్లను ఆపి ముందు కింద మీటర్ దగ్గర మెయిన్ ఆఫ్ చేశారు. కరెంటు ఉన్నచోట నీళ్లు కొడితే కొట్టినవాడికే ప్రమాదం. ఇంకో సంగతి, మూసిన గదిలో గాలి చాలక మంట అణిగి ఉంటుంది, పొగ మాత్రం విపరీతమైన వేడితో నిండి ఉంటుంది. తలుపు ఒక్కసారిగా తెరిస్తే గాలి తగిలి అంతా భగ్గుమంటుంది. లోపల మనిషి లేడని ఇంటివాళ్లే చెబుతున్నప్పుడు ఆ తలుపు తెరవాల్సిన పని మనది కాదు. అమెరికాలో యూఎల్ అనే సంస్థ చేసిన పరీక్షల్లో, సింథటిక్ సోఫాలు, పరుపులు ఉన్న ఇప్పటి గది నాలుగు నిమిషాల లోపే మొత్తంగా అంటుకుంది. పాతకాలపు సామాన్లున్న గదికి దాదాపు అరగంట పట్టింది. చిన్నప్పుడు విన్న "నాలుగు బిందెలు కొడితే ఆరిపోయింది" కథలు ఇప్పటి ఇళ్లకు నప్పవు.

మేం తొందరపడాల్సింది పై అంతస్తు గురించి. పొగ పైకే పోతుంది, మెట్ల దారి దానికి పొగగొట్టంలా పనిచేస్తుంది. పైన ఒక మామ్మగారు ఉన్నారు, మోకాళ్ల నొప్పులు, ఊరేగింపు కిటికీలోంచే చూస్తున్నారు. ఆవిడ మనవడు పైకి పరిగెత్తబోయాడు. అప్పటికే మెట్లమీద నల్లటి పొగ. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియదు, కొద్దిసేపట్లోనే స్పృహ తప్పుతుంది. కింద నుంచి మేం అరిచాం, బ్యాండ్ ఆగింది కాబట్టి ఆవిడకు వినపడింది: "మామ్మగారూ, మెట్ల తలుపు వేసెయ్యండి, కింద సందులో తడిగుడ్డ కుక్కండి, వీధి కిటికీ దగ్గరే ఉండండి, కిందికి రావొద్దు." ఆవిడ అలాగే చేశారు. మూసిన తలుపు మామూలుదైనా ఎంత కాపాడుతుందంటే, అదే యూఎల్ చెప్పే లెక్క ప్రకారం తలుపు తెరిచిన గది 500 డిగ్రీల సెల్సియస్ దాటే వేళకు, తలుపు మూసిన గది దాదాపు 40 డిగ్రీల దగ్గరే ఉండగలదు. ఫైర్ సిబ్బంది నిచ్చెన వేసి ఆవిడను దింపారు. దింపాక ఆవిడ అడిగిన మొదటి మాట "బండి వెళ్లిపోయిందా?"

మెట్లమీద పొగ లేకపోతే మాత్రం వెంటనే దిగిపోవాలి, లిఫ్ట్ వాడకూడదు. పొగ ఉంటే లోపలే ఉండి తలుపు మూసుకోవాలి. తలుపు తెరిచే ముందు చేతి వెనకభాగంతో తాకి చూడండి, వేడిగా ఉంటే తెరవొద్దు.

నిప్పు ఎలా పుట్టిందంటారా? అలంకరణ లైట్ల కోసం ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించారు. మిగిలిన వైరును చుట్టలాగే ఉంచి సోఫా వెనక పడేశారు. చుట్టగా ఉన్న వైరులో పుట్టిన వేడి బయటికి పోదు, పైన తొడుగు మెత్తబడి కరుగుతుంది, పక్కన కర్టెన్ ఉంది. ఇంతే. ఏ రాకెట్టో వచ్చి పడిందని, కమిటీదే తప్పని, ఆ రాత్రే వాట్సాప్‌లో మూడు రకాల కథలు తిరిగాయి. ఆ కథలకు సమాధానాలు చెప్పుకోవడం కాలిపోయిన గది శుభ్రం చేసుకోవడంకంటే కష్టమైందని ఆ ఇంటాయనే అన్నారు. మంట ఆరాక కూడా సిబ్బంది చెప్పేదాకా లోపలికి వెళ్లొద్దు, పరుపుల్లో నిప్పు గంటల తర్వాత మళ్లీ రాజుకోగలదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. దారి మార్చమని అడగడంలో తప్పేం లేదు, కానీ నేనైతే దానితో మొదలుపెట్టను. మా వీధి, మీ వీధి అన్న పట్టింపు వచ్చేస్తుంది, మాట పెరుగుతుంది, అసలు విషయం మరుగున పడుతుంది. దానికి బదులు చిన్న చిన్నవి అడగండి. ఊరేగింపు గంటల్లో వీధికి ఒకవైపు బండ్లు లేకుండా చూడటం, మైకు మనిషికి ఏం చెప్పాలో రెండు వాక్యాలు ముందే రాసివ్వడం, ఒక చివర ఎప్పుడూ ఖాళీగా ఉంచి అక్కడ ఒక వాలంటీర్‌ను నిలబెట్టడం, నడవలేని పెద్దవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో తెలిసి ఉండటం. వీధి మరీ ఇరుకై, ఒకవైపు బండ్లు తీసినా ఫైర్ ఇంజిన్ పట్టకపోతే, అప్పుడు దారి మార్చమని గట్టిగానే అడగండి. టేపు పట్టుకుని కొలిచి ఆ అంకె కమిటీ ముందు పెట్టండి.

మా కమిటీవాళ్లు మొదట "పండుగ పూట ఇదేం టెన్షన్ అండీ" అన్నారు. బండ్లు తీయించడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు, అది వాళ్ల అలంకరణ బండికీ సులువే కదా. మీరూ అక్కడినుంచే మొదలుపెట్టి చూడండి.